తాళానికి ఒప్పుకొన్న గొంతు

ఒకరు పాడిన పాటను మరొకరు తిరిగి పాడి రికార్డు చేస్తే ఇంగ్లీషువాళ్ళు దాన్ని ‘కవర్’ అంటారు. మా బ్యాంకు భాషలో కవర్ అంటే ఇచ్చిన అప్పుకు వెనక దన్నుగా ఉండే ఆస్తి. ఆలోచిస్తే రెండూ అంత దూరపు మాటలేమీ కావు. జనం అప్పటికే విని, బాగుందని ఒప్పుకొన్న పాటను ఎత్తుకొన్న గాయనికి ఆ పాటే ఒక హామీ. పాట నిలబడుతుందా అన్న బెంగ ఉండదు. తన గొంతు నిలబడుతుందా అన్న బెంగ మాత్రం రెట్టింపవుతుంది.

ఈ కవర్ అనే సరుకు మీద మనవాళ్ళకు గౌరవం తక్కువ. కారణం లేకపోలేదు. 1980లలో పాత హిందీ సినిమా పాటల్ని కొత్త గొంతులతో పాడించి తక్కువ ధరకు అమ్మిన క్యాసెట్లు బస్టాండు దుకాణాల్లో గుట్టలుగా పడి ఉండేవి. నాతో పనిచేసిన మిత్రుడొకాయన వాటికి ‘ఎంగిలి పాటలు’ అని పేరు పెట్టాడు. పేరు బాగానే ఉంది కానీ దాంట్లో న్యాయం లేదు. డిసెంబరు సభల్లో త్యాగరాజ కీర్తన పాడిన విద్వాంసుణ్ణి ఎంగిలి పాట పాడాడని ఎవరంటారు? తమిళులూ కన్నడిగులూ మలయాళులూ తరతరాలుగా ఆ తెలుగు పాటల్నే పాడుకొంటున్నారు. ఇది ఎవరి పాట అని మనం అడగం, ఈ పూట ఈయన ఎలా పాడాడు అని అడుగుతాం.

మరి ఒక పాట ఎప్పుడు అందరిదీ అవుతుంది, ఎప్పుడు రాసినవాడి గొంతుకే అంటుకొని మిగిలిపోతుంది? ఈ ప్రశ్నను నా మటుకు నాకు గట్టిగా వేసిన రికార్డు ఒకటుంది. 1971 ఫిబ్రవరిలో అమెరికాలో కొలంబియా కంపెనీ విడుదల చేసిన ‘స్టోనీ ఎండ్’. పాడినది బార్బ్రా స్ట్రైసండ్. పదకొండు పాటలు, అన్నీ ఇతరులు రాసినవే. వాటిలో చాలా భాగం రాసినవాళ్ళో మరొకరో అప్పటికే పాడి రికార్డు చేసినవి. మన పత్రికలో అమెరికా గాయనికేం పని అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. నాటకాల గాలి చల్లబడిన రోజుల్లో నాటకంలో పెరిగిన గొంతు ఏం చేయాలన్నది న్యూయార్కులోనైనా బళ్ళారిలోనైనా బరంపురంలోనైనా ఒకటే ప్రశ్న.

స్ట్రైసండ్ అంటే మనలో చాలామందికి సినిమా నటిగా తెలుసు. ఆమె పుట్టుక నాటకంలో. 1962లో, ఇరవయ్యో ఏడు నిండకముందే, న్యూయార్కు బ్రాడ్‌వేలో ఒక సంగీత నాటకంలో ఆఫీసు కార్యదర్శిగా చిన్న వేషం వేసి, ఆ ఒక్క హాస్యపు పాటతో ఊరి నోట పడింది. 1964 మార్చిలో ‘ఫన్నీ గర్ల్’ మొదలైంది. జూల్ స్టైన్ బాణీలు, బాబ్ మెరిల్ మాటలు. ఫానీ బ్రైస్ అనే పాతతరం హాస్యనటి జీవితం. అందులోని ‘పీపుల్’ పాట ఆ ఏడాది అమెరికా పాటల పట్టికలో 5వ స్థానం దాకా వెళ్ళింది. బీటిల్స్ అమెరికాలో అడుగుపెట్టి ఊపేసిన సంవత్సరం అది. ఆ హోరులో ఒక నాటకం పాట అంత దూరం పోవడం చిన్న విషయం కాదు. 1968లో అదే నాటకం సినిమా అయింది, ఆమెకు ఆస్కార్ తెచ్చింది. ఆ ఏడు ఓట్లు సమానమై, క్యాథరిన్ హెప్‌బర్న్‌తో కలిసి పంచుకొంది.

ఆమె పద్ధతి ఎలాంటిదో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్ళి ‘హ్యాపీ డేస్ ఆర్ హియర్ ఎగైన్’ వినాలి. మంచి రోజులు మళ్ళీ వచ్చాయని చిందులేసే 1929 నాటి పాట అది. 1932లో రూజ్‌వెల్ట్ ఎన్నికల ప్రచారంలో మోగింది. అంటే బ్యాండుమేళం పాట. 1962లో ఒక టెలివిజన్ కార్యక్రమంలో స్ట్రైసండ్ దాన్ని 1929 స్టాక్ మార్కెట్ పతనంలో సర్వం పోగొట్టుకొన్న ఒక సంపన్నురాలి వేషంలో పాడింది. చేతిలో డబ్బు లేదు, ఒంటి మీది నగలు ఒక్కొక్కటే తీసి ఇచ్చి మద్యం కొనుక్కొంటూ పాడుతుంది. చిందుల పాట నత్తనడక పట్టింది. మాట ఒక్కటీ మారలేదు, పాట అర్థం మాత్రం తలకిందులైంది. మరుసటి ఏడు ఆమె మొదటి రికార్డులోకి ఆ నిదానపు రూపమే ఎక్కింది. ఆ రికార్డుకు ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ బహుమతి వచ్చింది.

అంటే ఆమె ముందు పాత్రను పట్టుకొంటుంది. ఈ మాటలు అంటున్నదెవరు, ఎవరితో అంటోంది, ఏ గతి పట్టాక అంటోంది? అది తేలితే పాట దానంతటదే దారిలోకి వస్తుంది. ఇది పూర్తిగా నాటకం చదువు.

నాటకం చదువులో రెండో పాఠం కాలం గురించి. దీన్ని మనం పద్యనాటకం ద్వారా తేలిగ్గా గ్రహించగలం. మన నటుడు పద్యం ఎత్తుకొంటే తాళం ఉండదు. ఒక మాట దగ్గర ఆగుతాడు, ఒక రాగం పట్టుకొని సాగదీస్తాడు, చివరి పాదాన్ని ఒక్క ఊపున విసిరేస్తాడు. హార్మోనియం ఆయన వెనకే కుక్కపిల్లలా పోవాలి. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అంటే అదే పద్యం ఇంకో పోకడ పోతుంది. బ్రాడ్‌వే పాటకు తాళం ఉన్న మాట నిజమే. అయితే పెద్ద గాయని పాడేటప్పుడు వాద్యబృందం నిర్వాహకుడు కర్ర పైకెత్తి ఆమె పెదవుల వైపే చూస్తూ ఉంటాడు. ఆమె ఆగితే ముప్ఫైమంది ఆగుతారు. ‘పీపుల్’ పాటలో ఆమె ఒక మాటను పట్టుకొని ఊరించే చోటల్లా ఆ ఆగడం వినిపిస్తుంది. అది దాదాపు పద్యమే.

పాప్ పాటలో డ్రమ్ము ఎవరి కోసమూ ఆగదు. ఎంత గొప్ప గొంతైనా దాని వెంట నడవాల్సిందే. ఆగితే బస్సు వెళ్ళిపోతుంది.

1960ల చివరికి మరో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు అమెరికాలో పాట రాసేవాళ్ళు వేరు, పాడేవాళ్ళు వేరు. మంచి పాట వస్తే పది గొంతులు పాడేవి, ఎవరి పోకడ వారిది. ఒక విధంగా మన కచేరీ సంప్రదాయం లాంటిదే. బాబ్ డిలన్, బీటిల్స్, ఆ తర్వాత జోనీ మిచెల్, లారా నీరో, రాండీ న్యూమన్ వంటివాళ్ళు వచ్చాక రాసినవాడే పాడడం గౌరవమైంది. గొంతు గరుకైనా పరవాలేదు, బాధ అతనిదే కదా అన్నారు శ్రోతలు. ఇక పాడడం తప్ప రాయడం తెలియని మహా గాయకుల మాటేమిటి? రాత్రికి రాత్రి పాతసామాను అయిపోయారు.

కొలంబియా అధ్యక్షుడు క్లైవ్ డేవిస్ లెక్క తెలిసిన మనిషి. తన కంపెనీలో ఉన్న పాతతరం గొంతులన్నిటినీ కొత్త పాటలు పాడమని తోశాడు. టోనీ బెనెట్ చేత 1970 ప్రాంతాన ‘నేటి హిట్లు’ అన్న ధోరణిలో ఒక రికార్డు చేయించారు. పాడే ముందు తనకు వాంతి అయిందని బెనెట్ తర్వాతి కాలంలో చెప్పుకొన్నాడు. కొద్దికాలానికే ఆ కంపెనీ వదిలేశాడు. నాకు బెనెట్ మీద ఎంతో అభిమానం. కానీ ఆ రికార్డు వింటే కడుపులో తిప్పడం ఆయన ఒక్కడికే పరిమితం కాలేదని చెప్పక తప్పదు.

స్ట్రైసండ్ మొదటి ప్రయత్నమూ అలాంటిదే. 1969లో ‘వాట్ ఎబౌట్ టుడే?’ వచ్చింది. బీటిల్స్ పాటలు మూడు, పాల్ సైమన్‌ది ఒకటి, జిమ్మీ వెబ్‌ది ఒకటి, మధ్యలో తనకు అలవాటైన నాటకం తరహా పాటలు కొన్ని. పట్టికలో 31వ స్థానం దగ్గర ఆగిపోయింది. ఆమె స్థాయికి అది నష్టం కిందే లెక్క. సంఖ్య సంగతి అలా ఉంచి రికార్డు వినండి. బీటిల్స్ రాసిన స్నేహితుల పాటను కూడా ఆమె వేషం కట్టి పాడింది. కనుబొమలెగరేయడం వినిపిస్తుంది. అది ఊరికే నలుగురు కూర్చొని పాడుకొనే పాట, అందులో వేషానికి చోటేదీ? పెళ్ళి భోజనాల దగ్గర వడ్డించడానికి కిరీటం పెట్టుకొని వచ్చినట్టుంది.

తర్వాత వచ్చినవాడు రిచర్డ్ పెర్రీ. అప్పటికి ముప్ఫై ఏళ్ళు నిండని నిర్మాత. ఇతనే 1971లో నిల్సన్ చేత ‘వితౌట్ యూ’, 1972లో కార్లీ సైమన్ చేత ‘యూ ఆర్ సో వేన్’ పాడించాడు. 2024 డిసెంబరులో చనిపోయాడు. ఇతను చేసిన గొప్ప పని పాటల ఎంపిక. ఏ పాటకు పేరుందని చూడకుండా ఏ పాటలో ఒక మనిషి నిలబడి ఉందో చూశాడు. జోనీ మిచెల్, గోర్డన్ లైట్‌ఫుట్, నిల్సన్‌లవి ఒక్కొక్కటి, రాండీ న్యూమన్‌వి రెండు, లారా నీరోవి మూడు. ఇంకా క్యారల్ కింగ్, గెరీ గాఫిన్‌లది ఒకటి, బ్యారీ మాన్, సింథియా వైల్‌లది ఒకటి. ఈ చివరి రెండూ 1969లో డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ తన మెంఫిస్ రికార్డులో పాడినవే. అవి ఇద్దరి గొంతుల్లోనూ విని పోల్చుకొంటే ఒక సంగతి తెలుస్తుంది. డస్టీ మైకు కోసమే పుట్టింది, చెవి దగ్గర గుసగుసగా చెప్తుంది. స్ట్రైసండ్‌కు గుసగుస వచ్చు గానీ ఆ గుసగుస కూడా ఆఖరి వరుసదాకా వినిపించే గుసగుస.

రికార్డుకు పేరిచ్చిన ‘స్టోనీ ఎండ్’ దగ్గర ఇంకాస్త సేపు ఆగాలి. రాసినది లారా నీరో. న్యూయార్కు బ్రాంక్స్ పిల్ల. 1967లో తన మొదటి రికార్డులో పాడేనాటికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. దైవభక్తి ఉన్న ఇంట పెరిగిన అమ్మాయి ఒకరి మాయలో పడి దారి తప్పింది. లోకం కఠినంగా ఉంది, మళ్ళీ మొదటి నుంచి బతుకు మొదలుపెట్టాలనుంది, అమ్మ ఒళ్ళోకి పోవాలనుంది. ఇదీ పాటలోని సంగతి. చూడండి, ఇది సగం నాటకమే. అంటున్న మనిషి ఉంది, వింటున్న తల్లి ఉంది, జరిగిన కథ ఉంది. స్ట్రైసండ్‌కు కావలసినవన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, ఆగే వీలు.

పియానో మోత మీద పాట మొదలవుతుంది. డ్రమ్ము అందుకొంటుంది. పల్లవికి వచ్చేసరికి వెనక ఆడగొంతుల గుంపు చర్చి భజనలా లేస్తుంది. స్ట్రైసండ్ తన పాత అలవాటు ప్రకారం తల్లిని పిలిచే మాట దగ్గర ఆగి ఏడిపించి ఉండవచ్చు. ‘పీపుల్’ పాడిన గాయని అక్కడ ఆగకుండా ఉండగలదా అనిపిస్తుంది. ఆగలేదు. ఆ పిలుపు డ్రమ్ము దెబ్బల మధ్య నుంచి ఎగిరి, మరుక్షణం కొట్టుకుపోతుంది. నాకు ఈ పాటలో అన్నిటికన్నా బాగా నచ్చేది ఈ కొట్టుకుపోవడమే. దారి తప్పిన పిల్లకు ఆగే వీలు లేదు. తాళం ఇక్కడ విధి లాంటిది. గాయని దానితో పెనగులాడుతోంది, గెలవడం లేదు, గొంతు మాత్రం దించడం లేదు. ఆమె మునుపటి పాటల్లో దుఃఖం ఉండేది కానీ ఆ దుఃఖానికి ఆమే యజమాని. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ముగించాలో ఆమె చేతిలో ఉండేది. ఇక్కడ ఆ అధికారం పోయింది. అందుకే మొదటిసారి ఆమె పాట విని, ఈవిడ ఏమైపోతుందో అన్న భయం వేస్తుంది.

రెండు వైపులా పద్యం మాదిరిగా పాడుకొనే స్వేచ్ఛను ఒకరు వదులుకొన్నారు, ఒకరు వదులుకోలేదు అన్నది ఇక్కడి వింత. లారా నీరో తన తర్వాతి రికార్డుల్లో తన పాటల్ని తానే ఇష్టం వచ్చినట్టు ఆపుతుంది, పరుగెత్తిస్తుంది. పియానో ముందు కూర్చొన్నది ఆవిడే కాబట్టి హార్మోనియమూ పద్యమూ ఒక్కరివే అయ్యాయి. రాసినావిడ పద్యంలా పాడుకొంటే, నాటకంలో పెరిగినావిడ తాళానికి ఒప్పుకొంది. పాట 1971 జనవరికి పట్టికలో 6వ స్థానం చేరింది. ‘పీపుల్’ తర్వాత అంత పైకి వెళ్ళిన పాట ఆమెకు ఇదే. ఆల్బమ్ 10వ స్థానం దాకా వెళ్ళింది.

ఇక్కడ లెక్కల మనిషిగా ఒక మాట. అమెరికాలో 1909 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఒక పాట ఒకసారి రికార్డయి బయటికి వస్తే, ఆపైన ఎవరైనా దాన్ని పాడి రికార్డు చేసుకోవచ్చు. రాసినవాడు కాదనడానికి లేదు. ప్రతి కాపీకి పాట ఒక్కింటికి 2 సెంట్లు కడితే చాలు. ఆ రేటు 1909 నుంచి 1977 చివరి దాకా, రెండు ప్రపంచ యుద్ధాల గుండా, పైసా పెరగకుండా అలాగే ఉంది. అంతటి నిశ్చల డిపాజిట్టు నేనెక్కడా చూడలేదు. ఆ 2 సెంట్లలోనూ ప్రచురణ సంస్థకు వాటా ఉంటుంది. పాట ఎంత గొప్పదైనా, పాడినది ఎంత గొప్ప గాయని అయినా చట్టం దృష్టిలో దాని వెల అదే. కొందరికి ఇది అన్యాయంగా తోచవచ్చు. నాకు మాత్రం దీంట్లో ఒక పెద్దమనిషి తరహా కనిపిస్తుంది. రాసినవాడు పాటను ఇంట్లో బిగించి తాళం వేసుకోకూడదు, పాడేవాడు ఊరికే ఎత్తుకుపోకూడదు.

మిగతా పాటలన్నీ ఈ ఎత్తుకు రావు. జోనీ మిచెల్ పాటతో రికార్డు మొదలవుతుంది. కొత్త ప్రేమలో తాను ఎక్కడుందో తేల్చుకోలేని అమ్మాయి పాట. మిచెల్ 1969లో పాడినప్పుడు ఆ తేలకపోవడం గొంతులోనే ఉంది. స్ట్రైసండ్ గొంతులో సందేహం పలకదు. ఆమె అనుమానం వ్యక్తం చేసినా అది నిర్ణయంలా వినిపిస్తుంది. లైట్‌ఫుట్ ‘ఇఫ్ యూ కుడ్ రీడ్ మై మైండ్’ విషయంలోనూ ఇదే చిక్కు. తన పెళ్ళి విచ్ఛిన్నమవుతున్న రోజుల్లో ఆయన రాసుకొన్న పాట. కోటలో దయ్యం, చవక నవల, సినిమా అంటూ ఉపమానాల చాటున దాక్కొని చెప్తాడు. మగవాడు ఏడవకుండా ఏడ్చే పద్ధతి. స్ట్రైసండ్ అందంగా పాడింది కానీ ఆ చాటు తొలగిపోయింది. చాటు తొలగిస్తే ఆ పాటలో మిగిలేది తక్కువ. నీరోవి మిగతా రెండు పాటలు హుషారుగా నడిచిపోతాయి, వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

చివరి పాట న్యూమన్ రాసిన ‘ఐల్ బి హోమ్’. నీకు ఎప్పుడు తోడు కావలసినా నేను ఇంట్లోనే ఉంటాను అని ఒక మనిషి మరొక మనిషికి ఇచ్చే మాట. అంతకుమించి కథ లేదు. అంతకుముందు ఏడాదే నిల్సన్ న్యూమన్ పాటలతో ఒక పూర్తి రికార్డు చేసి అందులో దీన్నీ పాడాడు. రాసినాయన స్టూడియో రికార్డులో అది చేరింది 1977లో. అంటే ఈ పాట ముందు నుంచీ పరాయి గొంతుల్లోనే పెరిగింది. బహుశా అందుకే స్ట్రైసండ్‌కు అందులో ఇబ్బంది లేదు. పియానో వాయిద్యం దగ్గరగా వినిపిస్తుంది, గొంతు ఎవరి గెలుపు కోసమూ పాడడం లేదు. ఊరు వదిలి వచ్చిన కుటుంబాల వాళ్ళం, ఇంట్లో ఉంటాను అన్న మాట మనకు ఎంత బరువుగా వినిపిస్తుందో నేను చెప్పాలా?

సరిగ్గా అదే 1971 ఫిబ్రవరిలో క్యారల్ కింగ్ ‘టాపెస్ట్రీ’ వచ్చింది. దశాబ్దం పాటు ఇతరులకు పాటలు రాసిపెట్టిన ఆవిడ, మామూలు ఇంటావిడ గొంతుతో తన పాటలు తానే పాడింది. పదిహేను వారాలు మొదటి స్థానంలో ఉంది. పాడడమే వృత్తిగా ఉన్నవాళ్ళకు ఇంతకన్నా పెద్ద దెబ్బ లేదు. స్ట్రైసండ్ వెంటనే, ఆగస్టులోనే, ‘బార్బ్రా జోన్ స్ట్రైసండ్’ అన్న పేరుతో మరో రికార్డు తెచ్చింది. పెర్రీయే నిర్మాత. అందులో ‘టాపెస్ట్రీ’ నుంచి తీసుకొన్నవి మూడు పాటలు. ఆర్నెల్లు తిరగకముందే పక్కింటి పొయ్యి మీది కూర తెచ్చి మన ఇంట్లో తాలింపు వేసినట్టయింది. పాటలు చెడలేదు, కానీ ఆ ఇంటావిడ గొంతులోని నమ్మకం వీటిలో లేదు. స్నేహితుడికి ధైర్యం చెప్పే పాట ఇంత గొప్ప గొంతులో వింటే, ధైర్యం మాట అటుంచి మనకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

ఆ రికార్డులో ఎక్కువ వాదనకు తావిచ్చేది జాన్ లెనన్ ‘మదర్’. లెనన్ తల్లి 1958లో కారు గుద్ది చనిపోయింది, తండ్రి చిన్నప్పుడే వదిలిపోయాడు. 1970లో ఒక మానసిక చికిత్స ప్రభావంలో, చిన్ననాటి బాధను అరిచి వదిలించుకోవాలన్న నమ్మకంతో, అతను ఈ పాటను గంటల మోతతో మొదలుపెట్టి గొంతు చిరిగేలా అరుస్తూ ముగించాడు. అది పాడడాన్ని వదిలేసిన పాట. స్ట్రైసండ్‌కు పాడడం వదిలేయడం రాదు. ఆమె అరుపు కూడా శ్రుతిలో ఉంటుంది. చాలామంది విమర్శకులకు ఇది నచ్చలేదు, నాకూ నచ్చలేదు. అయితే దీన్ని సంత కోసం చేసిన పనిగా కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆమెకు పదిహేను నెలల వయసులో తండ్రి పోయాడు. తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ పిలిచే ఈ పాటను ఆమె ఎందుకు ఎత్తుకొందో ఊహించడం కష్టం కాదు. నిజమైన బాధ ఉండి కూడా పాట కుదరకపోవడం అన్నది ఉంది. ‘స్టోనీ ఎండ్’లో అమ్మను పిలిచిన పిల్ల కల్పితం, అయినా నమ్మాం. ఇక్కడ పిలుపు నిజం కావచ్చు, నమ్మలేకపోతున్నాం. నాటకం నేర్చిన గొంతుకు సొంత బాధకన్నా పరాయి బాధే బాగా పలుకుతుంది. మన బళ్ళారి రాఘవ రంగస్థలం మీద సంగీతం నటనను మింగకూడదని పట్టుబట్టాడు. ఆయన ఈ రెండు పాటలు వింటే దేనికి తల ఊపేవాడో ఊహించుకోవడం నాకు సరదా.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్పవచ్చు. 1974లో ‘బటర్‌ఫ్లై’ అనే రికార్డులో బాబ్ మార్లీనీ డేవిడ్ బోవీనీ కూడా పాడింది. తన పాట పాడిన తీరు ఘోరమని బోవీ దాచుకోకుండా తిట్టాడు. ఆ తిట్టు న్యాయమే. నాటకం గాయకులు పాప్ పాటలు పాడే ఆనవాయితీ ఆమెతో ఆగలేదు. లండన్ నాటకశాలల్లో ‘ఎవీటా’గా పేరు తెచ్చుకొన్న ఎలైన్ పేజ్ 1988లో ఒక రికార్డు నిండా క్వీన్ బృందం పాటలే పాడింది. గొంతుకు వంక పెట్టలేం. అంత ఆర్భాటపు పాటల్లో నాటకం అప్పటికే పొర్లిపోతోంది, మళ్ళీ నాటకం గాయని వెళ్ళి పోయడానికి పాత్రలో చోటు లేదు. పెర్రీ ఎంపికలోని తెలివి ఇలాంటి రికార్డు విన్నప్పుడే తెలిసి వస్తుంది.

స్ట్రైసండ్ 1976లో ‘ఎవర్‌గ్రీన్’కు తానే బాణీ కట్టి ఆ ప్రశ్నకు ఒక జవాబు చెప్పింది. 1985లో ‘ది బ్రాడ్‌వే ఆల్బమ్’తో పుట్టింటికి వెళ్ళి మరో జవాబు చెప్పింది. ఈసారి కంపెనీవాళ్ళు నాటకం పాటలు ఎవరు కొంటారని గొణిగారు. సాండ్‌హైమ్ చేత మాటలు మార్పించి, ఆ గొణుగుడునే మొదటి పాటలో పెట్టింది. రికార్డు మొదటి స్థానానికి వెళ్ళింది. చాలామంది దీన్ని చూపించి, చూశారా, పదిహేనేళ్ళు దారి తప్పి ఇల్లు చేరింది అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1985 నాటి ఆ పాటల్లో ఆమె ఆగవలసిన చోట ఆగుతుంది గానీ మునుపటిలా ప్రతి మాట దగ్గరా ఆగదు. ఆ పొదుపు ఆమెకు డ్రమ్ము పక్కన నిలబడిన రోజుల్లోనే అబ్బింది.

లారా నీరో మాట కూడా చెప్పాలి. ఆవిడ రాసిన పాటలతో ఫిఫ్త్ డైమెన్షన్, బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్, త్రీ డాగ్ నైట్, స్ట్రైసండ్ అందరూ పట్టికలెక్కారు. తన గొంతుతో ఆవిడ పట్టికలోకి వచ్చింది ఒకే ఒక్కసారి, 1970లో, 92వ స్థానంలో. ఆ పాట ఆవిడ రాసినది కాదు. క్యారల్ కింగ్, గాఫిన్‌లు రాసిన ‘అప్ ఆన్ ద రూఫ్’. 1971 చివర్లో లబెల్ బృందాన్ని తోడు చేసుకొని తాను చిన్నప్పుడు విన్న పాత పాటలతో మొత్తం ఒక రికార్డు చేసింది. అన్నీ ఇతరులవే. తన పాటలు ఊరంతా పాడుతుంటే తాను ఊరి పాటలు పాడుకొంది. నా చెవికి ఆ రికార్డు ఆవిడ చేసినవాటిలో అన్నిటికన్నా హాయిగా ఉంటుంది. 1997లో, నలభై తొమ్మిదేళ్ళకే పోయింది.

స్ట్రైసండ్ రెండు పద్ధతుల్నీ పక్కపక్కన వినాలనుకొనేవాళ్ళు 1972 ఏప్రిల్ 15న లాస్ ఏంజిలిస్ ఫోరమ్‌లో ఆమె చేసిన కచేరీ రికార్డు వెతకండి. జార్జ్ మెక్‌గవర్న్ ఎన్నికల నిధి కోసం ఏర్పాటైన సభ. అదే రాత్రి అదే వేదిక మీద క్యారల్ కింగ్, జేమ్స్ టేలర్ కూడా పాడారు. రికార్డు రెండో వైపున ముందు ‘మై మ్యాన్’ వస్తుంది. ఫానీ బ్రైస్ పాడిన పాత పాట, ‘ఫన్నీ గర్ల్’ సినిమా చివరిది. వాద్యబృందమంతా ఆమె ఊపిరి కోసం ఊపిరి బిగబట్టి ఉంటుంది. ఆమె ఆగుతుంది, సాగదీస్తుంది, జనం ఊగిపోతారు. ఆ వెంటనే ‘స్టోనీ ఎండ్’. డ్రమ్ము మొదలవుతుంది, ఆమె అందుకొంటుంది.